గుమ్మానికి చుట్టే ఆఖరి తీగ

బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగ మహా పెంకిది. పొద్దు తిరిగే వైపుకే చుట్టుకుంటుంది. వసంతంలో లేత కొసలను వైరుకు ఎక్కించేటప్పుడు పొరపాటున రెండోవైపుకు చుట్టామా, నాలుగు రోజుల్లో విడిపోయి నేల మీద పడుతుంది. చెక్ దేశంలోని ఈ జాటెత్స్ చుట్టుపక్కల ఈ పనిలో మా వెందుల పిన్ని తర్వాతే ఎవరైనా. నాకూ ఆవిడే నేర్పింది, నా మొద్దు వేళ్ళను తిట్టుకుంటూ.

ఏటా కోతలకు సెలవు పెట్టి పిన్ని వాళ్ళింటికి వస్తాను. ఈసారి తోటలో బావి పక్క వరస బోడిగా ఉంది. వైర్లు మాత్రమే వేలాడుతున్నాయి.

"ఇదేంటి బాబాయ్?"

యారోమీర్ బాబాయి ట్రాక్టరు మీంచే అన్నాడు. "వసంతంలో ఎక్కించేటప్పుడు తాగి ఉన్నా. రెండోవైపుకు చుట్టేశా."

పక్కతోట హీనెక్‌కు వేసవంతా ఈ వెక్కిరింపే కాలక్షేపమట. "ఒక గడియారం కొనిస్తాలే యారోమీర్. ముల్లు ఎటు తిరిగితే అటు చుట్టుకో," అన్నాడు నా ముందే. బాబాయి నవ్వేసి ఊరుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం పిన్ని వడ్డించిన ఉడకబెట్టిన పిండి ముద్దల్లో ఉప్పు కషాయం. "ఎప్పుడొచ్చావే?" అని పొద్దున అడిగిందే మళ్ళీ అడిగింది. నేను బాబాయి వైపు చూశాను. ఆయన తల దించుకుని ఆ ఉప్పు ముద్దలే మారు వడ్డించుకున్నాడు.

తర్వాత కాయలు ఆరబెట్టే కొట్టంలో పట్టుకుని నిలదీశాను.

"సరిచెయ్యబోయా. కొసలు విరిగిపోయాయి," అన్నాడు. "మీ పిన్నికి తెలీకూడదు. ఈ పనే దాని ప్రాణం."

కోతల చివరి రోజున ఆఖరి తీగను ఇంటి ఇల్లాలు గుమ్మానికి చుట్టాలి. అప్పటిదాకా ఎవరూ బీరు ముట్టరు. పిన్ని తలగుడ్డ సర్దుకుని తీగ అందుకుంది. గుమ్మం గుంజకు రెండోవైపుకు చుట్టింది. అది జారింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ అటువైపుకే. హీనెక్ నవ్వబోయి ఆగిపోయాడు. పిన్ని కింద పడ్డ తీగను చూసింది. తలెత్తి బావి వైపు చూసింది.

"ఆ వరస నాదే కదూ?"

"కాదు. నాదే. తాగి ఉన్నా."

"అప్పుడు నీకు పన్ను నొప్పి. బీరు వాసన కూడా చూడలేదు." ఇది మాత్రం ఆవిడకు స్పష్టంగా గుర్తుంది. "ఊరంతా నవ్వుతుంటే పడ్డావా, పిచ్చోడా?"

నాకు ఏడుపు ఆగలేదు.

పిన్ని తీగ తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు చుట్టు. నేను చూస్తా."

కళ్ళు తుడుచుకుని చుట్టడం మొదలుపెట్టాను. పిన్ని నా పక్కకు వచ్చి నిలబడి, నా చేతులనే చూస్తూ, కొత్తగా నేర్చుకునే పిల్లలా మెల్లగా అడిగింది.

"అటేనా తిప్పేది?"