ఈడ జర పైలం

ఇచ్ఛాపూర్‌లో కార్మిక సోదరుల గదిలో ఆదివారం ప్రార్థన ముగించి చెప్పులు వేసుకుంటుండగా ఫోన్ వచ్చింది. మా పైఇంటి చెల్లె ఇక లేదు. పొద్దున్నే టీ పెడుతూ స్టవ్ దగ్గరే కూలిపోయిందట. ప్రసంగంలో మరణాన్ని సవాలు చేస్తూ అంతసేపూ గొంతు చించుకున్న నాకు, ఆ కబురు విన్నాక చెప్పులో కాలు పెట్టడం కూడా చేతకాలేదు.

అమ్రోలిలో మేముండే భవనానికి మెట్ల మలుపులో ఒక మెట్టు అంచు విరిగి ఉంటుంది. ఎవరు దిగుతున్నా పైనుంచి ఆమె కేక వినిపించేది: "జర పైలం!" పాలాయనకైనా, ఎదురింటి గుజరాతీ ముసలామెకైనా తెలుగులోనే. జాగ్రత్త అని వాళ్లకూ అర్థమయ్యేది, గోడ పట్టుకునేవారు.

ఆమె నాన్న మా వైపునుంచి ఈ గుజరాతీల ఊరికి వలసొచ్చి మగ్గం మీద బతికిన మనిషి. ఆమె ఇక్కడే చదువుకుని, ఎంబ్రాయిడరీ యంత్రాలకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం ఇంటినుంచే చేసేది. ఆ పనిలో సగం వెతుకులాటే. ప్రపంచంలో ఎందరో తాము రాసిన ప్రోగ్రాములను 'చదువుకోండి, వాడుకోండి, బాగుచేయండి' అని అందరికీ తెరిచి పెడతారు. ఓపెన్ సోర్స్ అంటారు. తనకొచ్చిన చిక్కు ఇంకెవరికైనా వచ్చిందా, వాళ్లెలా దాటారు అని ఆ రాతలన్నిటిలో ఆమె గాలించేది.

నేను ఊరుకునే మనిషినా? చంకలో గ్రంథం పెట్టుకుని గడపలో నిలబడి గద్దించాను. "పరాయి సొమ్ము ఎత్తుకుంటున్నవా చెల్లె? దొంగతనం గాదా?"

ఆమె స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు. "పేరు చెప్పి తీసుకుంటున్ననే. బాగుచేసి మళ్ల ఆన్నే పెడుతున్న. నీ ప్రసంగంల నువ్వు పుట్టిచ్చిన మాట ఒక్కటన్న ఉన్నదా అన్నా?"

వాళ్లమ్మ లోపలినుంచి పకపకా నవ్వింది. నేను చంకలో గ్రంథం సర్దుకుని ఆమె స్క్రీన్‌లోకి తొంగిచూశాను.

ఆ రోజునుంచే నాకూ వెతకడం నేర్పింది. నా ఫోన్‌లో గ్రంథంలోని వాక్యం వెతకాలంటే మనసులో ఉన్నదంతా టైపు చేసేవాణ్ణి. "దానికి ముచ్చట చెప్తవేంది అన్నా? అందరు రాసే మాటలు ఇడిసిపెట్టు. ఇంకెవ్వరు రాయని ముక్క ఏదో గదొక్కటి రాయి" అనేది. బడి మొహం చూడని నాకు గురువంటే ఆమె. నా వాక్య ధ్యానమంతా ఆ పద్ధతిలోనే నడుస్తోంది.

ఒకసారి ఆమె స్క్రీన్ మీద, ఇంగ్లీషు అక్షరాల గుట్టలో, ఒక తెలుగు వరుస కనబడి ఆశ్చర్యపోయాను. ఈడ జర పైలం.

"గిదేంది?"

"యంత్రం గిది సదవదన్నా, దాటేసి పోతది. మనుషుల కోసమే రాస్త. ఆ కింద వరుస ముట్టుకుంటే కుట్టంత ఖరాబైతది. ఇంగ్లీషుల రాస్తే ఎవ్వడు సూడడు. తెలుగుల ఉంటే, ఇదేందిరా అని ఆగుతడు గదా!"

అందరికీ తెరిచిపెట్టే రాతల్లోనూ, గోయి, అదే తెలియక కాలు పడే గుంట, ఉన్న ప్రతిచోటా ఈ మాటే పెడతానని చెప్పింది.

అంత్యక్రియలయ్యాక ఆఫీసువాళ్లు వచ్చి, మర్యాదగానే, తమ ల్యాప్‌టాప్ తీసుకెళ్లారు. బల్ల ఖాళీ అయింది. దాని ముందు కూర్చున్న తల్లి నా చెయ్యి పట్టుకుంది. "మా ఆయన నేసిన చీర పెట్టెల ఉన్నది కొడుకా. బుద్ధి పుట్టినప్పుడు తీసి సూసుకుంట. నా బిడ్డ గిన్నేండ్లు టకటక కొట్టింది గదా, అదంత ఏడ పోయింది? ఒక్కటన్న సూపియ్యి."

చదివే సోదరులారా, ఓదార్పు గురించి అరవడం నాకు అలవాటు. ఆ తల్లికి అరుపుతో పని లేదు. ఆమె అడిగింది కళ్లతో చూసుకునేందుకు ఒక్కటంటే ఒక్కటి.

అందరి రాతల్లో వెతికేందుకు చెల్లె వాడే సైటు, నాకూ ఒకసారి చూపించినదే, తెరిచి ఆమె పేరు కొట్టాను. అదే పేరున్నవాళ్లు లెక్కలేనంతమంది, ఎవరో ఏమో. ఊరు పేరు కలిపాను. కుట్టు యంత్రం అని కలిపాను. చీరల దుకాణాలు వచ్చాయి. ఫోన్ బల్ల మీద పెట్టేసి, "ఆమెను తీస్కపోవుడుకు నీకంత తొందరేంది దేవా?" అని గట్టిగానే అడిగాను. వచ్చిన జవాబు ఆ గడపలో ఎప్పుడో విన్నదే. ముచ్చట చెప్పకు అన్నా.

ఇంకెవ్వరూ రాయని ఆ తెలుగు ముక్క రాశాను.

వచ్చాయి. ఒకచోట కాదు. ఆమె రాసినవి ముందు వచ్చాయి, పక్కనే ఆమె పేరు. వాటి కింద, ఆమె రాతను తీసుకుని తమ పనిలో కలుపుకున్నవాళ్లవి. ఏ దేశాలవాళ్లో, నోరు తిరగని పేర్లు. మన అక్షరం వాళ్లకు రాదు. అయినా ఒక్కరూ చెరపలేదు. ఉన్నదున్నట్టు, ఆ కింది వరుసతో సహా, భద్రంగా మోసుకుపోయారు.

ఫోన్ తల్లి చేతిలో పెట్టాను. ఆమెకు వచ్చిన నాలుగక్షరాలు మా ప్రార్థన గదిలో నేర్చుకున్నవే. వేలు పెట్టి కూడబలుక్కుంది. "ఈ... డ. జ... ర. పై... లం."

"గిది నా బిడ్డ మాట" అంది.

ఫోన్ ఆమె దగ్గరే వదిలి బయటికొచ్చాను. మెట్ల మలుపు దగ్గర నా కాలు దానంతటదే ఆగింది. పైన, తెరిచి ఉన్న తలుపులోంచి, తల్లి ఆ వరుసనే చదువుకుంటోంది. ఒకచోట అయిపోగానే ఇంకోచోట, ఏ దేశంలోదో. నేను గోడ పట్టుకుని, ఇంకా దిగకుండా, వింటూ నిలబడ్డాను.