పెడల్ మెత్తబడిందా?

క్లాసులో ఫోన్ సైలెంట్‌లో పెడతాను. మొన్న మంగళవారం మధ్యాహ్నం తీసి చూస్తే జగ్గయ్యపేట నుంచి బాబాయి ఎన్నోసార్లు చేసి ఉన్నాడు. తిరిగి చేశాను. "మీ అత్తయ్య తెల్లారుజామున ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందే. ఇంకాసేపట్లో తీసుకెళ్తారు. త్వరగా రా."

ఆవిడ మా నాన్నకూ, బాబాయికీ అక్క. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. మా ఇంటి ఆడవాళ్లలో మొదట స్టీరింగ్ పట్టింది ఆవిడే. చూపు తగ్గాక తన కారు నాకిచ్చేసింది. నందిగామ నుంచి అందులోనే బయల్దేరాను.

నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆవిడే, ముక్త్యాల రోడ్డు మీద, సిమెంటు లారీల మధ్య. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ప్రార్థనలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చునేది. వెనక లారీ హారన్ కొడితే "వాడి హారన్ వాడి ఇష్టం. నువ్వు రోడ్డు చూడు" అనేది. నా ఎడమ కాలు ఊరికే క్లచ్ మీద ఆనించి ఉండేది, అవసరమవుతుందేమోనని.

"కాలు తియ్యవే. నీ అనుమానానికే అరిగిపోద్ది అది. నొక్కితే నేలకంటా నొక్కు, లేదంటే దాని జోలికి పోకు."

ఏదీ పూర్తిగా నమ్మలేని నాకు ఆ మాట కారు దిగాక కూడా గుర్తొస్తుండేది. ఇవాళ ఒక్కదాన్నే ఎక్కడికైనా వెళ్లగలుగుతున్నానంటే ఆవిడ చలవే.

ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేసేది. "క్లచ్ ఆయిల్ చూసుకున్నావా? పెడల్ మెత్తబడిందా?"

"చూశానత్తా, బానే ఉంది."

బానెట్ ఎత్తిందే లేదు. పోయిన ఆదివారం కూడా అదే చెప్పాను. అప్పటికే పెడల్ దూదిలా దిగిపోతోంది, గేరు కీచుమంటోంది. నిజం చెబితే "అయితే తీసుకురా, ఇక్కడ చూపిద్దాం. అన్నం తిని వెళ్దువుగానీ" అంటుంది. వెళ్లడానికి బద్ధకించాను.

టోల్‌గేటు దగ్గర ఎంత నొక్కినా క్లచ్ విడలేదు. గేరు కరకరలాడిందే తప్ప పడలేదు. "ఏందమ్మా, ఇక్కడే కాపురం పెడతావా?" అని వెనక నుంచి లారీ డ్రైవరు అరిచాడు. అత్తయ్య ఎప్పుడో చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. "క్లచ్ పోతే ఇంజను ఆపెయ్. ఫస్టు గేరులో పెట్టి తాళం తిప్పు. ఎగిరిపడుద్ది, కంగారు పడకు." ఎగిరిపడింది. కదిలింది.

నేను చేరేసరికి అంతిమయాత్ర చర్చి దాటింది. ముందు వ్యాన్‌లో పెట్టె, మూత ఇంకా వెయ్యలేదు. వెనక ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు నడుస్తున్నారు. ఫస్టు గేరులో గుర్రుమంటూ వాళ్ల వెనకే పోనిచ్చాను. బాబాయి కిటికీ దగ్గరికొచ్చాడు.

"పక్కన పెట్టి దిగవే. సమాధుల గేటు దాటగానే మూత వేసేస్తారు. ఒక్కసారి మొహం చూసుకో."

"క్లచ్ పోయింది బాబాయ్. ఆపితే మళ్లీ కదలదు."

కదులుతుంది. ఎలా కదిలించాలో ఆవిడే నేర్పింది. దారిలో కదిలించాను కూడా. ఆ మొహం ముందు నిలబడలేక మళ్లీ క్లచ్ మీదే నెట్టాను. ఆదివారం బాగుందని, మంగళవారం పోయిందని.

ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ఇదే వస్తోంది.

సమాధుల గేటు దగ్గర ఇంజను ఆపాను. లోపల మూత మీద మేకులు కొడుతున్నారు. నా ఎడమ కాలు ఇంకా క్లచ్ మీదే ఉంది. తీశాను. పెడల్ పైకి రాలేదు. నేలకి ఆనుకుని అలాగే ఉండిపోయింది.