బిందెలోకి ఎదురెక్కిన పక్కెలు

మా పుట్టిల్లు త్రిపురాంతకం దగ్గర. అక్కడ ‘నీళ్లొచ్చినాయి’ అంటే ఒకటే అర్థం. ట్యాంకర్ వచ్చింది, బిందెలు తీసుకుని పరిగెత్తు. ఆ మాట చెవిన పడితే నిద్రలో కూడా నా చెయ్యి బిందె కోసం వెతుకుతుంది.

గిద్దలూరు వైపు కోడలిగా వచ్చిన మొదటి ఏడాది సంగతి ఇది. మా మామకు చేపల పిచ్చి. ఊరి వాగేమో మూడేళ్లుగా ఎండిపోయి ఉంది. వాగులో కొత్త నీళ్లు దిగితే కింది చెరువులోని పక్కెలు, అంటే వేలెడంత చేపలు, ఎదురెక్కి వస్తాయి. వాటి పులుసు ఇంకొక్కసారి తినాలని ఆయన ఆశ. ఆ ఆశతోనే రోజూ వల చిరుగులు కుట్టుకునేవాడు, వచ్చినవాళ్లందరికీ ఆ పులుసు గురించి చెప్పేవాడు. వినీ వినీ నాకు విసుగు పుట్టేది.

ఒక పొద్దున, అడవిలో వాన పడిందని మామ వాగు చూడబోయాడు. కాసేపటికి ఫోన్.

“అమ్మా, నీళ్లొచ్చినాయి! బిరీన తీసుకొని రా!”

ఏం తేవాలో నాకు వేరే చెప్పాలా? రెండు బిందెలతో ఉరికాను.

వాగు ఎర్రగా సుళ్లు తిరుగుతోంది. మామ మోకాళ్ల లోతులో నిలబడి నన్ను చూసి నోరు తెరిచాడు.

“వల ఏదమ్మా?”

“నీళ్లొచ్చినాయన్నావు గదా మామా!”

“అందుకని బిందెలా? చేపలకు తలంటు పోస్తావా ఏంది?”

వల తెచ్చేలోగా ఉరవడి తగ్గిపోతుంది. తగ్గితే పక్కెలు రావు. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. నా ఏడుపెప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. చేతిలో బిందెను వాగులోకి విసిరికొట్టాను. అది రెండు రాళ్ల మధ్య ఇరుక్కుని, మూతి వాగు దిగువకు పెట్టి పడుకుంది.

మామ తిట్టబోయి ఆగాడు. “ఉష్! కదలబాక.”

చేప ఒంటికి పక్కన, తల నుంచి తోక దాకా సన్నటి గీత ఉంటుందట. నీళ్లు ఎక్కడ తోస్తున్నాయో, ఎక్కడ నెమ్మదించాయో దానితోనే పసిగడుతుందట. ఈది ఈది అలిసిపోతే ఏ రాయి చాటునో చేరుతుందట. ఆయన గుసగుసగా ఇదంతా చెబుతుండగానే ఒక పక్కె వచ్చి బిందెలో దూరింది. వెనకనే ఇంకొకటి. ఆ వెనక మరో రెండు, మా ఊరి ట్యాంకర్ లైను కంటే పద్ధతిగా.

ఆ మధ్యాహ్నం మామ పులుసు తింటూ కళ్లు తుడుచుకున్నాడు. నాకూ సంతోషమేసింది. బిందె నీచువాసన మాత్రం ఎంత చింతపండుతో తోమినా పోలేదు.

మరుసటి ఎండాకాలం వాగు మళ్లీ ఎండింది. ఊళ్లోకి ట్యాంకర్ వచ్చింది.

“మామా, నీళ్లొచ్చినాయి!” అని వాకిట్లోంచి అరిచాను.

మామ వల భుజాన వేసుకుని ఉరికొచ్చాడు. ట్యాంకర్ దగ్గరి ఆడవాళ్లంతా ఆయన్నే చూశారు. ఆయన వల నా చేతికిచ్చి, నా బిందె తీసుకుని, పోయి లైన్లో నిలబడ్డాడు.