అమ్మ అడిగిన నిద్ర

నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. విన్నాక నన్ను ఏమనుకున్నా సరే.

ఎనభైల మొదట్లో అమ్మకు తుంటి కీలు అరిగిపోయింది. చిత్తూరులో మామిడికాయల మండీకి ఎదురు సందులో మా పుట్టిల్లు. కాయల కాలంలో ఆ సందంతా తోతాపురి వాసనే. ఆ వాసనలో అమ్మ చంకన బిందె పెట్టుకుని గబగబా నడిచి రావడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. అలాంటి మనిషికి గోడ పట్టుకుని పెరట్లోకి పోవడానికే అరగంట పట్టేది. మా బావగారు, అంటే మా ఆయన అన్న, తిరుపతిలో ఒక ఆసుపత్రి థియేటర్లో పనిచేసేవారు. ఆయన మాటసాయంతోనే మంచం దొరికింది. అరిగిన కీలు తీసేసి ఉక్కు కీలు పెడతామన్నారు. అప్పట్లో మా వైపు అది పెద్ద వింత. చూడవచ్చిన వాళ్లంతా "ఇనుమే?" అని నోరు తెరిచేవాళ్లు. అమ్మ నవ్వేది.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచారు. వెన్నులో సూది వేస్తే నడుము కిందంతా మొద్దుబారుతుంది, నొప్పి తెలియదు, కానీ మెలకువ ఉంటుంది, చప్పుళ్లు వినబడతాయి అన్నారు. లేదంటే పూర్తిగా నిద్రపుచ్చవచ్చట. ఈమెకు గుండె, ఊపిరి బాగానే ఉన్నాయి, రెండిట్లో ఏదైనా ఫరవాలేదు, అమ్మనడిగి చెప్పమన్నారు.

అడిగాను.

"నాకేం తెలీకుండా నిద్రపుచ్చమని సెప్పు పాపా," అంది అమ్మ. "పక్క మంచం ఆయమ్మ సెప్పింది, ఎముకను రంపంతో కోస్తారంట, సుత్తితో కొడతారంట. ఆ సప్పుడు నేను ఇనలేను."

"సరే మా, చెప్తాలే."

చెప్పలేదు. ఎందుకో చెబుతాను, నవ్వకండి. నేను మా ఆయన కన్నా ఏడాదిన్నర పెద్ద. అది తెలిస్తే సంబంధం తప్పిపోతుందని అమ్మ నా జాతకం మార్పించి, మూడేళ్లు తగ్గించి రాయించింది. ఆ గుట్టు మా ఇద్దరికే తెలుసనుకునేదాన్ని. ఇక మా వీధిలో ఒకాయన, వరిబీజం ఆపరేషన్ అయ్యాక, మత్తులో తన రెండో సంసారం కథంతా పెళ్లాం ముందే వాగేశాడు. మత్తిస్తే మనిషి కడుపులో ఏదీ దాగదని మా వాళ్లందరి నమ్మకం, నాదీ అదే. రేపు అమ్మ తల దగ్గర నిలబడేది మా బావగారు! అమ్మ నోరు జారితే నా కాపురం ఏం కావాలి?

మళ్లీ వరండాలోకి వెళ్లి, మా అమ్మ మెలకువగానే ఉంటానంటోంది సార్ అన్నాను. ధైర్యం గల మనిషే అన్నారాయన. అమ్మ దగ్గరికొచ్చి, డాక్టరు సూదే అన్నారని చెప్పాను. వాళ్ల కన్నా మనకు తెలుసా అంది అమ్మ. అంతే. గట్టిగా పట్టుబట్టి ఉంటే నేను మనసు మార్చుకునేదాన్నా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. ఏమో, ఇప్పటికీ జవాబు తెలియదు.

మర్నాడు అమ్మను థియేటర్లోకి తీసుకెళ్లిన రెండు గంటలకు బావగారు బయటికొచ్చారు. "మీయమ్మ కిక్కురుమన్లా మా. నా చెయ్యి పట్టుకొని ఇడిస్తే ఒట్టు," అంటూ ముంజేయి చూపించారు. అమ్మ గోళ్లు దిగిన గుర్తులు. నేను తల తిప్పుకున్నాను.

కాలు మాత్రం చక్కగా కుదిరింది. అమ్మ మళ్లీ బస్సెక్కి మా ఇంటికి వచ్చేది, సంచీ నిండా మామిడికాయలు, పిల్లలకు కజ్జికాయలు. ఎంత మంచి రోజులవి! అయితే ఎక్కడైనా వడ్రంగి సుత్తి మోగితే చాలు, చేతిలో పని వదిలేసి చెవులు మూసుకునేది. ఆ మత్తు డాక్టరు పాపాత్ముడు, అడిగినా నిద్ర ఇయ్యలేదని తిట్టేది. నేను "అవును మా" అనేదాన్ని. ఒకసారి కాదు, పదకొండేళ్లు. ఆ సాయంత్రం భయపడి అబద్ధమాడాను, సరే. మరి ఆ తర్వాతి "అవును"లన్నీ ఏ భయంతో అన్నట్టు?

అమ్మ పోయిన మరుసటేడు వయసు సంగతి మా ఆయనకు చెప్పేశాను. ఆయన పగలబడి నవ్వారు. పెళ్లిచూపుల నాటికే వాళ్ల ఇంట్లో అందరికీ తెలుసట, బావగారికి కూడా. పిల్ల నచ్చిందని ఊరుకున్నారట. ఆయనతో పాటు నేనూ నవ్వి, వంటింట్లోకి పోయి కుళ్లికుళ్లి ఏడ్చాను.

ఆ డాక్టరు ఇప్పుడు ఉన్నారో లేరో. ఆయన తప్పేమీ లేదు. అమ్మ నిద్ర అడిగింది, దక్కకుండా చేసింది నేను. ఈ మాట అమ్మకు చెప్పి ఉంటే, "పోనీలే పాపా" అనేసేది. అలా అంటుందనే చెప్పలేకపోయాను.