రైట్ అంటేనే చెయ్యి కదలాలి

నా పదవీ విరమణకు ముందు ఏడాది జూన్‌లో నన్ను రాజమండ్రిలోని ఒక ఆసుపత్రికి ఫిజియోథెరపీ విభాగం ఇన్‌చార్జిగా వేశారు. ఆ నెలలోనే సత్తిబాబు వచ్చాడు. పేర్లు మార్చి రాస్తున్నాను.

అతను సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. వెంట వచ్చిన ప్రకాష్ బేకరీలో కేకులు చేస్తాడు.

“మేమిద్దరం ఒకరికొకరమండి. అది తెలిసే మా పెదనాన్న కొడుకులు చెయ్యి వెనక్కి విరిచి కొట్టారండి,” అన్నాడు సత్తిబాబు మొదటి రోజే.

ఎముక అతుక్కుంది, భుజం బిగుసుకుపోయింది. కీలు కదలికను కొలిచే గోనియోమీటరు పెడితే చెయ్యి డెబ్బై డిగ్రీలు దాటలేదు. నేను వేలు ఆనిస్తే చాలు, ఒళ్ళంతా కొయ్యబారిపోయేది.

“ఇంట్లోనూ అంతేనండి,” అన్నాడు ప్రకాష్. “ఎనిమిది నెలలైంది. ముట్టుకుంటే ఉలిక్కిపడతాడు. నేనే దూరంగా ఉంటున్నానండి.”

రోగి చేతిని వదులుగా ఉంచితే మరొకరు మెల్లగా పైకెత్తడాన్ని పాసివ్ మూవ్‌మెంట్ అంటాం. అది ఇంట్లో రోజూ రెండుసార్లు చేయాలి. ప్రకాష్‌కు నేర్పుతూ ఒక్క నియమం పెట్టాను. సత్తిబాబు చెబితేనే చెయ్యి వేయాలి, ఆపమంటే అక్కడే ఆపాలి.

“అయితే బస్సు కండక్టర్లా చెప్తానండి. రైట్, హోల్డాన్,” అన్నాడు సత్తిబాబు.

ఆ రోజు నుంచి మా విభాగం కాంప్లెక్సు బస్టాండైపోయింది. “రైట్... రైట్... హోల్డాన్!” పక్క మంచం మీద మోకాళ్ళకు కాపడం పెట్టించుకుంటున్న మామ్మగారు, “ఈ బస్సు నరసాపురం వెళ్తుందా బాబూ?” అని అడిగారు. “పాలకొల్లు దాకానేనండి, చెయ్యి ఇంకా నూరు డిగ్రీలే లేస్తోంది!” అన్నాడు ప్రకాష్. నవ్వుతున్నవాడి కండరం బిగుసుకోదు. చెయ్యి ఇంకో ఐదు డిగ్రీలు లేచింది.

మూడో వారం ఇద్దరూ ఆపుకోలేని నవ్వుతో వచ్చారు.

“నిన్న ఎక్సర్‌సైజ్ అయిపోయిందండి. నేను గిన్నెలు తోముతున్నాను. వెనకాల నుంచి మళ్ళీ ‘రైట్’ అన్నాడండి,” అన్నాడు ప్రకాష్.

“ఎందుకు?” అన్నాను.

“ఊరికేనండి,” అన్నాడు ప్రకాష్.

సత్తిబాబు తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ప్రకాష్ చెవులు ఎర్రబడ్డాయి. నాకూ నవ్వాగలేదు.

తర్వాత ప్రకాష్ గొంతు తగ్గించాడు. “నిన్ననే చెప్పగలిగానండి. వాళ్ళు కొట్టిన రోజు నేను వీణ్ణి వదిలేసి పరిగెత్తాను. ఆ సిగ్గుతోనే ఇన్నాళ్ళూ దగ్గరకెళ్ళలేకపోయాను.”

తువ్వాలు తీశాడు సత్తిబాబు. “పరిగెత్తమని అరిచింది నేనేనండి! వీడికి వినపళ్ళేదంట. నా మీద కోపమొచ్చి దూరంగా ఉంటున్నాడేమోనని నేను ఏడుస్తుంటే, వీడేమో గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చేవాడండి. ఎనిమిది నెలలు, ఇద్దరు వెర్రోళ్ళం!”

ప్రకాష్ కళ్ళు తుడుచుకుంటూనే పగలబడి నవ్వాడు. సెప్టెంబరు నాటికి గోనియోమీటరు నూట యాభై చూపించింది. కేసు ముగించాను. రోజువారీ పనులకు భుజం అంతకు మించి లేవనవసరం లేదు.

ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు తెల్లకోటు వేసుకుంటే రోగిని ముట్టుకునే హక్కు వచ్చేసినట్టే అనుకున్నాను. మిగిలిన పది నెలలూ ప్రతి రోగినీ అడిగాకే చెయ్యి వేశాను. దానికి అర నిమిషం ఎక్కువ పడుతుంది. ఆ పని ఉద్యోగంలో చేరిన రోజునే మొదలుపెట్టి ఉండవలసింది.