నా పెళ్లికి ఇద్దరు కవులు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, చెన్నూరులో నా పెళ్లి జరిగింది. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ల ఇళ్లలో పెళ్లంటే పద్యాలు రాసి, అచ్చు వేయించి, తలంబ్రాలయ్యాక చదివి అందరికీ పంచేవారు. మా ఇంట్లో కవులకు కరువు లేదు. మా నాన్న, అదే మా బాపు, ఒకరు, ఆయన తమ్ముడు, అంటే మా కాక, ఇంకొకరు. నా కోరిక చిన్నది. ఆ పద్యాల్లో నా గురించి ఒక్క నిజమైన మాట ఉండాలి. ఇద్దరు కవుల మధ్య పెరిగినదాన్ని, ఆ మాత్రం ఆశ పడకూడదా?

బాపు బడిపంతులు. పాత కావ్యాలే ఆయనకు కొలత. కాక హైదరాబాదులో ఇంగ్లీషు సాహిత్యం చదివి కరీంనగర్‌లో పాఠాలు చెప్పేవాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా అన్నను నియోక్లాసిసిస్టు అని ఎత్తిపొడిచేవాడు. అదేమి తిట్టో తెలియక నేనే ఒకసారి అడిగాను.

"ఇంగ్లీషోళ్లల్ల గూడ మీ బాపు అసొంటోళ్లు ఉండిరి బిడ్డా," అన్నాడు కాక. "పాతోళ్లు గీసిన గీత దాటొద్దు, బుద్ధి చెప్పినట్టు రాయాలె, మనసును జర అదుపుల పెట్టాలె అంటరు. తర్వాత రొమాంటిక్ కవులు వచ్చిండ్రు. గీతలొద్దు, నా గుండె, నా ఊహ, గా వాగు, గా చెట్టు, గవే చాలన్నరు."

"ఏడుపుకు గూడ ఒక లెక్క ఉండాలెరా," అన్నాడు బాపు అరుగు మీంచి. "పదిమందికి పనికొచ్చేదే కవిత్వం. నీ ఒక్కని కడుపునొప్పి ఊరికెందుకు?"

చివరికి పద్యాలు తయారయ్యాయి. బాపు పద్యాల్లో పెళ్లికూతురివి కలువ కళ్లు, హంస నడక. నేను నడిస్తే అటక మీది గిన్నెలు మోగేవి. "జర మెల్లగ నడువు, నా గణాలు చెదురుతున్నయ్" అని రోజూ కసిరింది ఈ బాపే. ఇదేమిటని అడిగితే, "పెళ్లిపిల్లది హంస నడకే ఉండాలె. నీ నడక ఛందస్సుల పట్టదు," అన్నాడు.

కాక గేయంలో గోదావరి ఉంది, వెన్నెల ఉంది, ఒంటరి పడవలో ఆయన కన్నీళ్లున్నాయి.

"నేనేది కాకా?"

"నువ్వు నా దుఃఖంల ఉన్నవ్ బిడ్డా."

ఎంత వెతికినా అందులో కాకే కనిపించాడు. నాకు ఒళ్లు మండింది.

పెళ్లిలో రెండూ చదివారు. జనం బాపు పద్యాలకు తలలూపారు, కాక గేయానికి కళ్లొత్తుకున్నారు. పెళ్లికూతురు రెండింటిలోనూ లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

అప్పగింతల వేళకు కవులు తారుమారయ్యారు. వెన్నెల చూసినా ఏడ్చే కాకకు కంట తడి లేదు. బండి చుట్టూ తిరుగుతూ నా పెట్టెకు కట్టిన తాడు గుంజి చూశాడు, విప్పి మళ్లీ కట్టాడు. "దారిల గుంతలున్నయ్, పెట్టె కదలొద్దు," అని బండివానికి ఒకటే జాగ్రత్తలు. మగపెళ్లివారికి చెప్పాల్సిన మర్యాద మాటలన్నీ సిద్ధం చేసుకున్న బాపు మాత్రం ఒక్కటీ చెప్పలేకపోయాడు. అందరి ముందూ నా చేయి పట్టుకుని చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"రేపటిసంది ఇంట్ల గిన్నెలు మోగవు బిడ్డా," అన్నాడు. "గా సప్పుడు లేకుంటె నేనెట్ల రాయాలె?"

నాకు దుఃఖం ఆగలేదు. అయినా బాపుకు వినబడాలని, బండి దాకా దబదబా నడిచాను.