మా ఇంటి పంతొమ్మిది

మా ఇంట్లో నెలకు ఒక రోజు తక్కువ. పద్దెనిమిది తర్వాత ఇరవై వస్తుంది. మధ్యలో పంతొమ్మిదిన కారు కదలదు, ట్రాక్టరు కదలదు, దొర్నిపాడు దగ్గరి చేనుకు పోవాలన్నా బస్సు చూసుకోవాల్సిందే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే.

కారణం మా చిన్నాయన, నాయనకు ఒక్కగానొక్క తమ్ముడు. నేనింకా బడికి పోని వయసులో, ఒక పంతొమ్మిదో తారీకున, అన్నదమ్ములిద్దరూ పత్తి లోడుతో నంద్యాలకు బయలుదేరారు. శిరివెళ్ల దాటాక ట్రాక్టరు గుంతలో పడింది. మడ్‌గార్డు మీద కూర్చున్న చిన్నాయన కింద పడి చనిపోయాడు. తోలుతున్నది నాయన. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ యాక్సిడెంటు అనలేదు, చావు అనలేదు, చిన్నాయన ఊసే ఎత్తలేదు. పంతొమ్మిది అనేవారు. పంతొమ్మిదికి ముందు కొన్న బర్రె, పంతొమ్మిది తర్వాత వేసిన బోరు. లోకంలోని ఘోరాలను టీవీ వాళ్లు తారీకులతో పిలుస్తుంటే, మా ఇంటి అలవాటు అంత దూరం ఎట్లా పోయిందా అనుకునేదాన్ని.

తద్దినం మాత్రం పంచాంగం చూసి తిథి ప్రకారమే పెడతాం. తిథి ఏడాదికొకసారి వచ్చిపోతుంది. నాయన పట్టుకున్నది తారీకును. అది కరెంటు మీటరు చూసేవాడిలా నెలనెలా తప్పకుండా వస్తుంది. ఒక్క చావును నెలకోసారి మోసే మనిషిని చూస్తే నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చేది.

కాన్పుకని ఆళ్లగడ్డలోని పుట్టింటికి వచ్చాను. ఇంకా టైముందనగా ఒక ఉదయం కడుపులో బిడ్డ కదలడం తగ్గింది. దగ్గర్లోని డాక్టరమ్మ చూసి, బిడ్డ గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదు, ఆపరేషన్ చెయ్యాలి, వెంటనే నంద్యాల తీసుకుపోండి అంది. 108కి చేస్తే బండి రావడానికి గంట పైనే పడుతుందన్నారు. అమ్మ బాడుగ కార్ల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఒక్కటీ దొరకలేదు, అన్నీ పెళ్లిళ్లకు పోయాయి. మేము కదలకూడని రోజే ఊరంతటికీ బ్రహ్మాండమైన ముహూర్తం.

మా కారు వాకిట్లోనే ఉంది. నాయన తాళాలు చేతిలో పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఈ పొద్దు పంతొమ్మిది," అన్నాడు. "నేను తోలితే ఏమైతాదో."

తిట్టాలనుకున్నాను. అంతలో లోపలి నుంచి మా జేజి వచ్చింది. చిన్నాయనను కన్న తల్లి ఆమె. పంతొమ్మిది గురించి ఆమె మంచీ చెడూ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నా కొడుకును తీసకపోయింది తారీకు గాదురా, గుంత," అంది. "గుంతలు చూసుకోని తోలు. లెయ్."

నాయన లేచాడు.

శిరివెళ్ల దగ్గరికి వచ్చేసరికి కారు నత్తనడక పట్టింది. "నాయనా, ఇట్ల తోల్తే ఈడనే కంటా," అన్నాను.

"గుంతలు చూస్తాండా. నోరు మూసుకో," అన్నాడు.

ఆ రోడ్డు వెడల్పు చేసి ఎన్నో ఏళ్లయింది. గుంత అన్నది కలికానికి కూడా లేదు. నా చెయ్యి పట్టుకున్న అమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మధ్యాహ్నానికి ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. ఏడుపు వినడానికి అంత హాయిగా ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు. బయట నాయన ఆ కబురు విని బెంచీ మీదనే నిద్రపోయాడట, గురక కూడా పెట్టాడట.

పాపకు ఏడాది నిండబోతుంటే నాయనే చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. "పంతొమ్మిదికి అందరూ రాండమ్మా," అనగానే గోస్పాడులో ఉన్న మా మేనత్త అడ్డుపడింది.

"పంతొమ్మిదికా? ఏందన్నా, ఆ పొద్దు..." అంది.

"పాప పుట్టిన పొద్దమ్మా. తమ్ముడు పోయిన పొద్దు గాదు," అన్నాడు నాయన.

తమ్ముడు అనే మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. పంతొమ్మిదిని పాప తీసేసుకుంది. ఇక తమ్ముణ్ని తమ్ముడు అనక తప్పలేదు. ఫోన్ పెట్టేశాక కూడా ఆయన ఆపలేదు.

"వానికి ఈత రాదు, అయినా కేసీ కాలవలో దూకేటోడు," అన్నాడు నాతో.

బియ్యం చెరుగుతున్న జేజి చాట పక్కన పెట్టింది. "వానికి ఈత బాగా వచ్చు. రానిది నీకు. మునిగిపోతాంటే నిన్ను గట్టుకు లాగింది వాడే."

"అవునమ్మా," అన్నాడు నాయన. "వాడే లాగినాడు."

కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు.